వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దలకు ప్రత్యేక వైద్యం: కర్నూలు వైపు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల వృద్ధాశ్రమాలకు వెళ్ళి పెద్దలను చూసివచ్చే డాక్టరును నేను. కుటుంబాలు, ఆశ్రమాలు నడిపేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. వీటిని చదివి మందులు మీరే మార్చకండి. మీ డాక్టరును ఏం అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

ఆశ్రమంలో డాక్టరు ఎప్పుడూ ఉంటారా?

చాలా చోట్ల ఉండరు. అన్నం, పడక, తోడు, స్నానం చేయించే మనిషి ఉంటారు. కొన్నిచోట్ల పగలు నర్సు ఉంటుంది, వారానికో నెలకో డాక్టరు వచ్చి చూస్తారు. రాత్రి హాలు మొత్తానికి ఒక్క ఆయమ్మే దిక్కయ్యే చోట్లూ ఉన్నాయి. చేర్చేటప్పుడు అందరం గదులు చూస్తాం, వంట చూస్తాం, ఫీజు అడుగుతాం. వాటితో పాటు ఇవి కూడా అడగండి: రాత్రి ఎవరుంటారు? బీపీ, షుగర్, ఆక్సిజన్ చూసే మిషన్లు ఉన్నాయా? చూసి రాయడం ఎవరికి వచ్చు? జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, వెంట ఎవరు వెళ్తారు? ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే ఆశ్రమాన్ని నేను నమ్ముతాను.

ఇంట్లో ఉండే పెద్దల కంటే వీళ్ళకు వేరే వైద్యం ఎందుకు?

ఆశ్రమానికి వచ్చేసరికే చాలామందికి మూడు నాలుగు జబ్బులు కలిసి ఉంటాయి. గుండె డాక్టరు గుండెకు రాస్తారు, ఎముకల డాక్టరు నొప్పికి రాస్తారు. ఆ రెండు మందులూ కలిసి కిడ్నీని ఏం చేస్తున్నాయో చూసేవాళ్ళు ఉండరు. నడక, మింగడం, చూపు, నిద్ర, మూత్రం, మనసు అన్నిటినీ ఒకేసారి పరిశీలించి, ఏది ముందు సరిచేయాలో తేల్చేదే వృద్ధుల వైద్యం, జీరియాట్రిక్స్. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో పది పడకల వృద్ధుల వార్డు ఉండాలని చెబుతుంది. అయితే ఆ చదువు చదివిన డాక్టర్లు మన వైపు అరుదు. జనరల్ మెడిసిన్ డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు కలిసి ఆశ్రమానికే వెళ్ళడం మనకు చేతికందే దారి.

ఇంకొక సంగతి. ఇంట్లో నాయన ముఖం వాడిపోతే అమ్మ కనిపెడుతుంది. ఆశ్రమంలో ఆ పని ఆయమ్మది. ఆమెకు ఆ మార్పు కనపడాలి, ఎవరికి చెప్పాలో తెలియాలి, చెబితే వినేవాళ్ళు ఉండాలి. ఈ మూడూ లేని చోట ఎంత పెద్ద డాక్టరు వచ్చి వెళ్ళినా ఫలితం తక్కువే.

మా జేజి మొన్నటిదాకా బాగానే మాట్లాడింది. రెండు రోజులుగా ఏదేదో అంటోంది, పగలంతా మగతగా ఉంటోంది. వయసు ప్రభావమేనా?

కాదు. వయసు రెండు రోజుల్లో మీద పడదు. గంటల్లోనో రోజుల్లోనో మనిషి తేడా అయితే ఒంట్లో ఏదో జరుగుతోందని అర్థం. దీన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నిమ్ము, మూత్రం బిగుసుకుపోవడం, మూడు నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, రక్తంలో సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్తగా వేసిన మాత్ర, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. పెద్దవాళ్ళలో ఎంత ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఒళ్ళు చల్లగానే ఉంది కదా అని ఊరుకుంటే ప్రమాదం.

అరిచి గోల చేసే డెలీరియం అందరికీ తెలుస్తుంది, డాక్టరుకు ఫోన్ వస్తుంది. నోరు మెదపకుండా మంచంలో ముడుచుకున్న అవ్వను "ఈరోజు సతాయించలేదు" అనుకుని వదిలేస్తారు. నాకు భయం వేసేది ఆమె గురించే. మగతగా ఉన్న మనిషికి వెంటనే షుగర్, బీపీ, నాడి, ఆక్సిజన్, జ్వరం చూసి, ఆ అంకెలతో డాక్టరుకు ఫోన్ చేయాలి. ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారేమో గుర్తు తెచ్చుకోండి. తలకు చిన్న దెబ్బ తగిలినా కొన్ని వారాల తర్వాత మెదడు పైపొరల కింద రక్తం పేరుకుని ఇలా కనపడొచ్చు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళలో ఈ అనుమానం ఇంకా గట్టిగా ఉండాలి. నిద్రమాత్ర వేసి పడుకోబెట్టడం మాత్రం వద్దు. కారణం తెలియకుండా పోతుంది.

మూతి వంకర పోయినా, ఒక చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. సి.టి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి. అక్కడ మొదట అడిగేది "చివరిసారి బాగున్నట్టు ఎప్పుడు చూశారు?" అని. తెల్లారి లేపితే లేవని మనిషి విషయంలో జవాబు దొరకదు. అందుకే రాత్రి రౌండులో ఎవరు ఎలా ఉన్నారో టైముతో సహా రాసిపెట్టుకోమని నేను ప్రతి ఆశ్రమంలో బతిమాలతాను.

నాయనకు రోజుకు పన్నెండు మాత్రలు. అన్నీ అవసరమేనా?

అన్నీ అవసరం కాకపోవచ్చు. ఒక డాక్టరు రాసింది ఇంకో డాక్టరు ఆపరు, పాత చీటీ మీద కొత్త చీటీ పేరుకుంటుంది. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండుసార్లు పడుతున్నవాళ్ళు ఎందరో. ఆరు నెలలకోసారైనా మాత్రలన్నీ, నాటు మందులు, కషాయాలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి సహా, ఒక సంచిలో వేసి ఒకే డాక్టరు ముందు గుమ్మరించండి. ఒక్కోటీ ఎందుకు వేస్తున్నాం, ఇంకా కావాలా అని అడగండి.

ముఖ్యంగా కొన్నింటి మీద కన్నేయాలి. మోకాళ్ళ నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీని దెబ్బతీస్తాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి. బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్ళకు ఇంకా చేటు. ఆల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రలు రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడేస్తాయి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మతి తడబడేలా చేస్తుంది, మూత్రం ఆపేస్తుంది. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగర్ మాత్ర పెద్దల్లో షుగర్‌ను చాలాసేపు కిందికి లాగుతుంది. వీటిలో ఏదైనా ఉంటే డాక్టరును అడగండి. నిద్రమాత్రలను, బీటా బ్లాకర్లనే గుండె మందులను ఒక్కసారిగా ఆపకూడదు.

మింగలేరని మాత్రను నూరి మజ్జిగలో కలిపే అలవాటు కూడా చూస్తుంటాను. పేరు పక్కన ఎస్.ఆర్., ఎక్స్.ఎల్., సి.ఆర్. అని ఉన్న మాత్ర రోజంతా కొద్దికొద్దిగా కరగడానికి చేసింది. నూరితే మొత్తం డోసు ఒకేసారి ఒంట్లోకి పోతుంది. ద్రవరూపంలో దొరికేదేమైనా ఉందా అని డాక్టరును అడగండి.

షుగర్ ఉన్న పెద్దలకు ఆశ్రమంలో ఏం జాగ్రత్త?

ఎనభై ఏళ్ళ మనిషికి షుగర్ కొంచెం ఎక్కువ ఉండటం కంటే పడిపోవడం ప్రమాదం. నలభై ఏళ్ళవాళ్ళకు పెట్టే లెక్క వీళ్ళకు పెట్టరు. బలహీనంగా ఉన్నవాళ్ళలో మూడు నెలల సగటు, అంటే హెచ్‌బీఏ1సీ, 8 దాకా ఉన్నా చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. భోజనం ముందుకొచ్చాకే ఇన్సులిన్ వేయాలి. ఇన్సులిన్ వేశాక అవ్వ "ఆకలి లేదు" అని ముద్ద ముట్టకపోతే ఏం చేయాలో ముందే రాసి ఉండాలి. చెమటలు, వణుకు, కొత్తగా చిరాకు, మగత కనపడితే షుగర్ చూడండి. 70 కంటే తక్కువ ఉండి మెలకువగా ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకు మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

మన ఎండాకాలంలో వాడుతున్న ఇన్సులిన్‌ను కూడా ఫ్రిజ్‌లోనే, ఫ్రీజర్‌కు దూరంగా పెట్టాలి. కరెంటు ఎక్కువసేపు పోయే చోట మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో డబ్బాలో పెట్టే పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

రంజాన్‌లో రోజా ఉంటామనే పెద్దలు, ఏకాదశికి ఒక్కపొద్దు ఉండే అవ్వలు మన కర్నూలు ఆశ్రమాల్లో ఇద్దరూ ఉంటారు. వాళ్ళ మాటను కొట్టిపారేయకండి, దాచిపెట్టి చేస్తారు. కొన్ని వారాల ముందే డాక్టరుకు చెబితే మందు వేళలు, డోసు మార్చవచ్చు, లేదా ఈసారి వద్దని గౌరవంగా చెప్పవచ్చు. జబ్బున్నవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఇస్లాంలోనే ఉంది. ఆ మాట మసీదు పెద్దల నోట వస్తే ఇంకా బాగా వింటారు.

ఎండలకు ఏం చేయాలి?

పెద్దవాళ్ళకు దాహం తెలియదు. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన రోజున రేకుల గదిలో ఉన్న మనిషి దాహం వేయకుండానే ఎండిపోతారు. అడిగితే ఇద్దాం అనుకోకుండా, టైము పెట్టుకుని గ్లాసు చేతికివ్వాలి. రాత్రి బాత్రూముకు లేవాల్సి వస్తుందని నీళ్ళు మానేసేవాళ్ళు చాలామంది. వాళ్ళకు సాయంత్రం లోపే ఎక్కువ తాగించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. ఉగాది వచ్చేసరికి బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు ఒకసారి డాక్టరుకు చూపించండి. చలికాలంలో సరిపోయిన డోసు ఎండాకాలంలో కళ్ళు తిప్పి పడేయవచ్చు, సోడియం తగ్గించవచ్చు.

అన్నం తింటుంటే దగ్గు వస్తోంది. సంగటి పెట్టవచ్చా?

తినేటప్పుడు దగ్గు, తిన్నాక గొంతు గరగర, బుగ్గలో ముద్ద ఉండిపోవడం ఉంటే మింగడంలో ఇబ్బంది ఉన్నట్టే. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బుల్లో ఇది మామూలు. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుంది. గట్టి పదార్థం కంటే పలుచని నీళ్ళు, కాఫీ చాలామందికి ఎక్కువ కష్టం. సంగటి ముద్దను నమలకుండా మింగే అలవాటు మనది. ఇలాంటివాళ్ళకు అది గొంతులో అతుక్కుంటుంది. మజ్జిగతోనో పప్పుతోనో మెత్తగా జారేలా కలిపి, చిన్న చెంచాతో పెట్టండి. జొన్న రొట్టె అడిగితే పాలల్లో బాగా నానబెట్టి ఇవ్వండి. ఇష్టమైన తిండి పూర్తిగా తీసేస్తే తినడమే మానేస్తారు.

నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి తినిపించాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. పళ్ళు లేకపోయినా రోజూ నోరు శుభ్రం చేయాలి. దీనివల్ల నిమ్ము తగ్గుతుంది. మింగడంలో ఇబ్బందిని కూడా చూసే స్పీచ్ థెరపిస్టు దొరికితే ఒక్కసారైనా చూపించండి.

మంచాన పడ్డవారికి ఎయిర్ బెడ్ వేశాం. ఇక పుండ్లు పడవు కదా?

పడతాయి. ఎయిర్ బెడ్ సాయం మాత్రమే చేస్తుంది, రెండు గంటలకోసారి పక్క మార్చడం తప్పదు. వెనక ముడ్డిపూస, తుంటి, మడమలు రోజూ వెలుతురులో చూడాలి. ఎర్రగా కందిన చోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడదు, చేత్తో ముడితే వేడిగానో గట్టిగానో తెలుస్తుంది. అక్కడ మర్దన చేయకండి, గాలి రింగు మీద కూర్చోబెట్టకండి. గుడ్డు, పప్పు, అలసందలు, పాలు ఎక్కువ పెట్టండి. మాంసకృత్తులు లేకుండా ఏ పుండూ మానదు.

బాత్రూములో పడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఈ వయసులో ఆపరేషనా?

అవును, ఈ వయసు కాబట్టే. ఎనభై అయిదేళ్ళ మనిషి తుంటి విరిగి మంచాన ఉండిపోతే నిమ్ము, కాళ్ళలో రక్తం గడ్డలు, పుండ్లు వరసగా వస్తాయి. వీలైతే రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి, మరునాడే కూర్చోబెట్టి, నిలబెట్టడం నొప్పికి కూడా మంచి మందు. మన రాయలసీమలో పుత్తూరు కట్టు మీద నమ్మకం ఎక్కువ, చేతి ఎముకకు వెళ్ళొచ్చినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. జారిపోయిన తుంటి ఎముకను కట్టు పట్టి ఉంచలేదు. గుండె పరిస్థితి మరీ బాగాలేనివారికి, బతికే కాలం చాలా తక్కువనుకున్నవారికి మాత్రం ఆపరేషన్ వద్దని డాక్టర్లే చెప్పవచ్చు. అప్పుడు నొప్పి తగ్గించడమే వైద్యం. కాలు పొట్టిగా, బయటికి తిరిగి కనపడితే లేపి నడిపించకుండా 108 పిలవండి.

పడటానికి ముందు చేయగలిగింది చాలా ఉంది: మంచం నుంచి బాత్రూము దాకా రాత్రి దీపం, గోడకు పట్టుకునే రాడ్డు, జారని చెప్పులు, పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ చూడటం, కాళ్ళకు బలమిచ్చే వ్యాయామం. కంటి శుక్లాలు ఉంటే తీయించండి. కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో ఆ ఆపరేషన్ ఉచితం.

మతిమరుపు జబ్బుకు మందు ఉందా?

జబ్బును నయం చేసే మందు లేదు. కొందరిలో కొంతకాలం లక్షణాలను తగ్గించేవి ఉన్నాయి. అయితే ఆ పేరు పెట్టే ముందు థైరాయిడ్, బి12, చెవిలో గులిమి, చూపు, మనసులో దిగులు చూడాలి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో, శాకాహారుల్లో బి12 తగ్గడం మామూలు. ఇల్లు విడిచి వచ్చిన కొత్తలో తిండి మానేసి, గోడవైపు తిరిగి పడుకునే పెద్దాయనది మతిమరుపు కాకపోవచ్చు. దిగులుకు మంచి వైద్యం ఉంది. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన 14416 టెలి మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మతిమరుపు ముదిరేకొద్దీ తర్వాత నేర్చిన భాషలు జారిపోయి చిన్ననాటి భాష మిగులుతుంది. కర్నూలు పాతబస్తీ నుంచి వచ్చిన అవ్వ ఉర్దూలోనే, ఆలూరు వైపు పెద్దాయన కన్నడంలోనే మాట్లాడుతుంటే పిచ్చి మాటలనుకునే ఆయమ్మలు ఉన్నారు. ఆ భాష వచ్చిన మనిషిని ఆ మంచానికి పెట్టండి, సగం గొడవ తగ్గుతుంది. సాయంత్రం పూట "ఇంటికి పోతా" అని గేటు దగ్గరికి వెళ్ళేవాళ్ళను మంచానికి కట్టేయకూడదు. వెంట నాలుగు అడుగులు నడిచి, మాటల్లో పెట్టి తీసుకురండి. చేతికి పేరు, ఫోన్ నంబరు ఉన్న పట్టీ ఉండాలి.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి?

ఒక్క పేజీ. పేరు, వయసు, జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందులు, మామూలుగా ఎలా నడుస్తారు, ఎలా మాట్లాడతారు, ఇప్పుడు ఏం మారింది, ఎప్పటి నుంచి, ఇంట్లోవాళ్ళ నంబర్లు. కళ్ళద్దాలు, చెవి మిషను, పళ్ళ సెట్టు కూడా పంపండి. అవి లేక ఆసుపత్రిలో మతి తప్పినట్టు కనపడినవాళ్ళు ఉన్నారు. కర్నూలు సర్వజన ఆసుపత్రిలో గుండె, నరాలు, కిడ్నీ స్పెషలిస్టు విభాగాలు ఒకేచోట ఉన్నాయి. అనంతపురం, కడప, ఇటు తెలంగాణ, కర్ణాటక సరిహద్దు నుంచి కూడా జనం వస్తారు కాబట్టి రద్దీ ఉంటుంది, వెంట ఒక మనిషి తప్పనిసరి. తిరిగి వచ్చేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ తీసుకుని, పాత మాత్రల్లో ఏవి ఆపారో అక్కడే అడిగి రాయించుకోండి.

ఖర్చుకు ప్రభుత్వ సాయం ఏముంది?

70 ఏళ్ళు నిండిన వారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. ఆధార్‌తో తీసుకోవచ్చు. అది అడ్మిట్ అయితేనే వర్తిస్తుంది, ఓపీకి, ఆశ్రమం ఫీజుకు రాదు. రాష్ట్ర పథకం ఎన్టీఆర్ వైద్య సేవ సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. ఎన్టీఆర్ భరోసా కింద వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15,000. ఆశ్రమానికి మారితే పింఛను ఎక్కడ ఇస్తారో ముందే పాత ఊరి సచివాలయంలో మాట్లాడుకోండి. పేదవాళ్ళకు వీల్‌చైర్, చేతికర్ర, చెవి మిషను, కళ్ళద్దాలు రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాల్లో ఇస్తారు.

పిల్లలు వదిలేస్తే?

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. ఆర్.డి.ఓ. దగ్గర ట్రిబ్యునల్‌లో అర్జీ పెడితే నెలకు 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ బదిలీని రద్దు చేసే వీలూ ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా 14567 ఎల్డర్ లైన్‌కు ఫోన్ చేయండి.

ఇక నయం కాదన్నారు. ఆశ్రమంలోనే ఉంచవచ్చా?

ఉంచవచ్చు, నొప్పి, ఆయాసం తగ్గించే ఏర్పాటు ఉంటే. పాలియేటివ్ వైద్యం అంటే ఇదే. మార్ఫిన్ సరైన డోసులో ఇస్తే మనిషిని త్వరగా చంపదు, నొప్పి తగ్గి నిద్ర పడుతుంది. 2014లో చట్టం మార్చి గుర్తింపు పొందిన వైద్య సంస్థలకు దాన్ని తెచ్చుకోవడం తేలిక చేశారు. వెంటిలేటర్ వద్దు అనుకునే మనిషి, మతి బాగున్నప్పుడే, ఇద్దరు సాక్షుల ముందు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో ఆ కోరిక రాసిపెట్టుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది, 2023లో పద్ధతిని తేలిక చేసింది. ఈ మాట ఎత్తడానికి పిల్లలు జంకుతారు. పెద్దలను నెమ్మదిగా అడిగి చూడండి, చాలామంది ముందే ఆలోచించుకుని ఉంటారు.

నేను బెంగళూరులో ఉంటాను. రాత్రి ఆశ్రమం నుంచి ఫోన్ వస్తే ఏం అడగాలి?

మెలకువగా ఉన్నారా, పిలిస్తే పలుకుతున్నారా? ఊపిరి ఎలా ఉంది? బీపీ, షుగర్, ఆక్సిజన్ ఎంత? చివరిసారి బాగున్నట్టు చూసింది ఎప్పుడు? ఈరోజు పడ్డారా? కొత్త మందేదైనా వేశారా? 108కి ఫోన్ చేశారా? డాక్టరుకు ఫోన్ కలిపారా? ఇవి అడిగాక, ఫోన్ నిర్వాహకుల చేతిలో ఉంటే, పక్కనున్న ఆయమ్మకు ఇవ్వమనండి. ఆమె ఏం చూసిందో ఆమె మాటల్లోనే వినండి.